దూలగొండి గింజ, వణుకు వ్యాధి: ఇంటివారు తెలుసుకోవలసినది

సరిహద్దు పల్లెల బడులలో చదువుకున్న ప్రతివారికీ దూలగొండితో ముడిపడిన జ్ఞాపకం ఒకటి ఉంటుంది. కంచె మీద అల్లుకున్న తీగ నుండి ఎండిన కాయను ఆకులో చుట్టి తెచ్చి, తోటి పిల్లవాని చొక్కాలో దాని నూగు రాల్చి, ఆనక ఉపాధ్యాయుని బెత్తం రుచి చూసిన వీరులు ప్రతి ఊరిలోనూ ఉన్నారు. ఆ నూగు తగిలిన చోట చర్మం మండుతుంది, గోకినకొద్దీ దురద పెరుగుతుంది. అటువంటి తీగ గింజలనే నేడు పొడి చేసి, సీసాలలో నింపి, వణుకు రోగానికి ప్రకృతి ఔషధమంటూ అమ్ముతున్నారు. చేయి వణికే పెద్దవారున్న ఇంటికి ఈ కబురును ఎవరో ఒకరు మోసుకొని వస్తూనే ఉంటారు. "ఇంగ్లీషు మాత్రలు ఎన్నాళ్లని మింగుతారు? ఇది మొక్క మందు, హాని చేయదు" అన్న సలహా కూడా దానితోపాటే వస్తుంది.

ఈ కబురులో మొదటి సగం నిజం. దూలగొండి గింజలో ఉన్నది పార్కిన్సన్ వ్యాధికి నాడీవైద్యులు రాసే ప్రధానమైన మందే. రెండవ సగం, అనగా "హాని చేయదు" అన్నది, సరిగ్గా ఆ కారణం చేతనే అబద్ధమవుతున్నది. మాత్రలో ఉన్న మందే గింజలోనూ ఉన్నప్పుడు మాత్ర చేసే మేలూ కీడూ రెండూ గింజ చేయగలదు. మాత్ర మీద మోతాదు ముద్రించి ఉంటుంది, గింజ మీద ఉండదు.

ముందుగా వ్యాధి సంగతి. 1817లో లండన్ నగరపు వైద్యుడు జేమ్స్ పార్కిన్సన్ ఆరుగురు రోగులను గమనించి ఈ వ్యాధి లక్షణాలను ఒక చిన్న గ్రంథంగా ప్రకటించాడు. తరువాతి కాలంలో వ్యాధికి ఆయన పేరే స్థిరపడింది. ఆయుర్వేద గ్రంథాలలో కంపవాతమనీ వేపథువనీ వ్యవహరించిన వణుకు వ్యాధులలో దీనికి దగ్గరి పోలికలున్నాయి. మెదడు నడిమి భాగంలో నల్లని రంగు గల ఒక చిన్న పొర ఉన్నది. అక్కడి కణాలు డోపమైన్ అనే రసాయనాన్ని తయారుచేస్తాయి. మనిషి తలచిన కదలికను తడబాటు లేకుండా నడిపించేది ఆ రసాయనమే. ఆ కణాలు క్రమంగా నశించినపుడు విశ్రాంతిగా ఉన్న చేయి వణుకుతుంది, కండరాలు బిగుస్తాయి, నడక చిన్న అడుగులకు కుదించుకుపోతుంది, ముఖంలో భావం తగ్గుతుంది, చేతిరాత చీమల బారు వలె చిన్నదవుతుంది. కొందరికి వణుకు రావడానికి ఎన్నో ఏళ్ల ముందుగానే వాసన తెలియకపోవడం, మలబద్ధకం మొదలవుతాయి. వాటిని ఎవరూ ఈ వ్యాధితో ముడిపెట్టరు.

డోపమైన్ తగ్గితే డోపమైన్‌నే ఇవ్వవచ్చు గదా అనిపించడం సహజం. కాని అది రక్తం నుండి మెదడులోకి ప్రవేశించలేదు. దానికి ముడిసరుకైన లివోడోపా మాత్రం ప్రవేశిస్తుంది, లోపలికి చేరి డోపమైన్‌గా మారుతుంది. ఈ రహస్యం బయటపడిన కథలో మన దేశపు మొక్కలు రెండు ఉన్నాయి. ఒకటి రోగాన్ని కలిగించేది, రెండవది రోగాన్ని ఉపశమింపజేసేది.

మొదటిది సర్పగంధ. దాని వేరును రక్తపోటుకూ ఉన్మాదానికీ నిద్రలేమికీ మనవారు చిరకాలంగా వాడుతున్నారు. కలకత్తా వైద్యులు గణనాథ్ సేన్, కార్తిక్ చంద్ర బోస్ 1931లో దాని గుణాలను వైద్యలోకం దృష్టికి తెచ్చారు. 1952లో స్విట్జర్లాండ్ శాస్త్రజ్ఞులు ఆ వేరు నుండి రిసర్పిన్ అనే పదార్థాన్ని వేరుచేశారు. రక్తపోటుకు అది దివ్యౌషధమనుకొని ప్రపంచమంతటా వాడుతుండగా, కొందరు రోగులలో వణుకు, బిగుతు, మందగమనం కనిపించాయి. అచ్చంగా పార్కిన్సన్ లక్షణాలే. ఆ వేరులోని పదార్థం నాడీకణాలలో నిల్వ ఉన్న డోపమైన్‌ను ఖాళీ చేస్తున్నదని తరువాత తెలిసింది. స్వీడన్ శాస్త్రజ్ఞుడు ఆర్విడ్ కార్ల్‌సన్ 1957లో కుందేళ్లకు రిసర్పిన్ ఇచ్చి చూడగా అవి చెవులు వాల్చి కదలక మెదలక పడి ఉన్నాయి. వాటికి డోపా సూదిమందు ఇవ్వగానే లేచి తిరిగాయి. ఆ పరిశోధన ఫలితంగానే 2000 సంవత్సరపు నోబెల్ బహుమతిలో ఆయనకు భాగం లభించింది.

రెండవది మన దూలగొండి. మద్రాసు చేపాకంలోని విశ్వవిద్యాలయ జీవరసాయన ప్రయోగశాలలో దామోదరన్, రామస్వామి అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు 1937లోనే ఈ గింజల నుండి లివోడోపాను వేరుచేసి చూపించారు. అప్పటికి అది దేనికి ఉపయోగపడుతుందో లోకానికి తెలియదు. వియన్నాలో 1961లో కొందరు రోగులకు లివోడోపా సూదిమందుగా ఇచ్చి చూశారు. 1967లో అమెరికాలో జార్జ్ కోట్జియాస్ నోటి ద్వారా పెద్ద మోతాదులలో డోపా ఇచ్చి మంచి ఫలితాలు సాధించాడు. అంతవరకు, ముప్పై ఏళ్ల పాటు, మద్రాసు పరిశోధన గ్రంథాలయపు అలమరలోనే ఉండిపోయింది.

ఈ తీగకు సరిహద్దు ప్రాంతాలలో పేర్లు మారుతుంటాయి. కన్నడంలో నసుగున్ని, తమిళంలో పూనైక్కాలి, ఒడియాలో బాయిడంక, మరాఠీలో ఖాజకుయిలీ, సంస్కృతంలో కపికచ్ఛు, ఆత్మగుప్త. హిందీ పొట్లాల మీద కౌంచ్ అని ఉంటుంది. తెలుగులో దూలగొండితో పాటు పిల్లియడుగు అన్న పేరూ ఉన్నది. తమిళులూ పిల్లి కాలితోనే పోల్చారు. ఏ పేరు ఉన్నా వస్తువు ఒక్కటే కనుక, ఒక ఊరి సంతలో కొన్నదీ మరొక ఊరి వైద్యుడిచ్చినదీ వేర్వేరు మందులనుకొని రెండూ కలిపి తీసుకునే పొరపాటు జరిగే వీలున్నది.

గింజ పనిచేస్తుందా? చేస్తుందని పరీక్షలు చెబుతున్నాయి. మన దేశంలో దూలగొండి నుండి తయారైన ఒక పొడిని 60 మంది రోగులకు 12 వారాల పాటు ఇచ్చి చూసిన ఫలితాలు 1995లో వెలువడ్డాయి. లక్షణాలు తగ్గినట్లు నమోదైంది, అయితే పోల్చి చూడడానికి వేరొక జట్టు లేదు. లండన్‌లో 2004లో ఎనిమిది మంది మీద మరింత కట్టుదిట్టంగా పరీక్షించారు. 30 గ్రాముల గింజల పొడి తీసుకున్నపుడు మాత్ర కంటె త్వరగా గుణం కనిపించింది, ఆ గుణం కాస్త ఎక్కువసేపు నిలిచింది కూడ. దక్షిణ అమెరికాలోని బొలీవియాలో మందులు కొనలేని బీద రోగుల కోసం 2017లో 18 మందికి వేయించిన గింజల పొడి ఒక్కొక్క మోతాదుగా ఇచ్చి పరీక్షించగా ఫలితం మాత్రతో సరితూగింది.

పొట్లాల మీద వేసుకునే కథ ఇక్కడితో ఆగిపోతుంది. అదే పరిశోధక బృందం ఆ పొడిని ప్రతిదినం వాడించి చూసిన ఫలితాన్ని 2018లో ప్రకటించింది. పాల్గొన్నవారు 14 మంది. వారిలో సగం మంది, అనగా ఏడుగురు, పొడిని మధ్యలోనే మానివేశారు. నలుగురికి కడుపు తట్టుకోలేదు. ముగ్గురికి కదలిక రానురాను మందగించింది. మాత్రలు వాడిన కాలంలో మానివేసినవారు ఒక్కరూ లేరు. ఒక పూట పరీక్షకూ ప్రతిదినం వాడకానికీ ఎంత తేడా ఉన్నదో దీనిని బట్టి గ్రహించవచ్చు.

ఈ తేడాకు కారణం తెలుసుకోవాలంటే కొంచెం లెక్క చూడాలి. దూలగొండి గింజలో లివోడోపా సుమారు నూటికి 4 నుండి 6 పాళ్లు ఉంటుంది. అది రకాన్ని బట్టి, నేలను బట్టి, వండిన తీరును బట్టి మారుతుంది. 5 గ్రాముల పొడిలో 200 నుండి 300 మిల్లీగ్రాములు ఉండవచ్చునన్నమాట. కాని ఒంటరిగా మింగిన లివోడోపాలో అధికభాగం మెదడుకు చేరకముందే రక్తంలోనూ పేగులలోనూ డోపమైన్‌గా మారిపోతుంది. వాంతి, కడుపులో తిప్పడం, లేచి నిలబడగానే కళ్లు తిరగడం దాని వలననే కలుగుతాయి. దీనిని అడ్డుకోవడానికే మాత్రలలో కార్బిడోపా అనే తోడు మందును కలుపుతారు. సిన్‌డోపా వంటి మాత్ర అట్ట మీద రెండు పేర్లు కనిపించేది అందుకే. కార్బిడోపా తోడుంటే అవసరమైన లివోడోపా సుమారు నాలుగింట మూడు వంతులు తగ్గిపోతుంది.

కనుక పొడి ఒక్కటే వాడే మనిషికి గుణం తక్కువ, వాంతులు ఎక్కువ. మాత్రతో పాటు ఎవరికీ చెప్పకుండా పొడిని కూడ కలిపితే వ్యవహారం తలకిందులవుతుంది. మాత్రలోని కార్బిడోపా పొడిలోని లివోడోపాను కూడ కాపాడి మెదడుకు పంపుతుంది. అప్పుడు మోతాదు మితిమీరి, చేతులూ మెడా నడుమూ మెలికలు తిరుగుతూ తమంతట తామే కదలడం మొదలవుతుంది. ఇంటిలో లేని మనుషులు కనిపించడం, పిలవని పిలుపులు వినిపించడం కూడ కలుగవచ్చు. పల్లెలలో దీనిని గాలి సోకినట్లు భావించి తాయెత్తులు కట్టించేవారున్నారు. పొడి సీసా మాత్రం యథాప్రకారం నడుస్తూనే ఉంటుంది.

కొన్న పొడిలో ఎంత మందున్నదో తెలుసుకునే దారి కూడ లేదు. అమెరికాలో అమ్ముతున్న 16 రకాల దూలగొండి ఉత్పత్తులను పరీక్షించి 2022లో ప్రకటించిన ఫలితాల ప్రకారం ఒక మోతాదులో లివోడోపా 2 మిల్లీగ్రాముల నుండి 241 మిల్లీగ్రాముల వరకు ఉన్నది. సీసా మారితే మోతాదు వందరెట్లు మారగలదు.

మరొక విచిత్రం చూడండి. ఈ పొడిని పాలలో కలుపుకొని తాగమని చాలామంది చెబుతారు. పాలలోని మాంసకృత్తులూ లివోడోపా పేగులో ఒకే ద్వారం గుండా లోనికి పోవలసినవి. రెండూ ఒకేసారి వస్తే మందు వెనుకబడుతుంది. అట్లే కార్బిడోపా లేకుండా పొడి మాత్రమే వాడుతూ, బలానికని బి కాంప్లెక్సు మాత్రలు మింగేవారికి అందులోని బి6 విటమిను లివోడోపాను దారిలోనే ఖర్చుపెట్టిస్తుంది. కార్బిడోపా కలిసిన మాత్రలు వాడేవారికి మామూలు మోతాదు బి6 వలన ఈ చిక్కు లేదు.

ఇతర పోషక ఔషధాల విషయం ఇంత దీర్ఘంగా చెప్పవలసిన పని లేదు. పట్టణాలలో ఖరీదైన కోఎంజైమ్ క్యూ10 గొట్టాలు కొనిపిస్తున్నారు. 600 మంది రోగుల మీద జరిగిన పరీక్షను ప్రయోజనం కనబడనందున మధ్యలోనే ఆపివేశారు, ఫలితం 2014లో వెలువడింది. క్రియాటిన్‌ను 1,741 మంది మీద పరీక్షించి 2015లో అదే తీర్పు చెప్పారు. విటమిన్ ఇ వ్యాధి వేగాన్ని తగ్గించదని 800 మంది పాల్గొన్న పరీక్ష 1993లోనే తేల్చింది. కాఫీ తాగేవారిలో ఈ వ్యాధి కొంత తక్కువగా కనిపిస్తుందన్నది నిజం. అయితే వ్యాధి వచ్చిన తరువాత కాఫీలోని కెఫీన్‌ను మాత్రగా ఇస్తే కదలిక మెరుగుపడలేదని 2017లో తేలింది. పొద్దుటి కాఫీ మానుకోవలసిన పని లేదు, మందనుకొని అదనంగా తాగవలసిన పనీ లేదు. విటమిన్ డి, బి12 సంగతి వేరు. పడిపోయే ప్రమాదమున్న పెద్దవారికి ఎముకల బలం ముఖ్యం, దీర్ఘకాలం లివోడోపా వాడేవారిలో బి12 తగ్గే అవకాశమున్నది. కనుక వీటిని రక్తపరీక్ష చేయించి, లోపముంటే భర్తీ చేయించుకోవడం మంచిది.

వంటింటిలో చేయగలిగినది ఒకటున్నది, దానికి ఖర్చు లేదు. మాత్రను భోజనానికి అరగంట ముందుగానీ, భోజనమైన గంట తరువాతగానీ ఇవ్వడం వలన దాని గుణం బాగా తెలుస్తుంది. పగలు మాత్ర పనిచేయక, బిగుసుకుపోతున్నవారికి పప్పు, గుడ్డు, మాంసం, పాలను రాత్రి భోజనానికి జరిపి చూడమని వైద్యులు చెబుతారు. జరపడమే తప్ప మానివేయడం కాదు. బరువు తగ్గిపోయే వ్యాధిలో పప్పు మాన్పించడం అపకారం. రక్తహీనతకు ఇనుము మాత్రలు వాడుతున్నవారు వాటికీ ఈ మాత్రకూ మధ్య కనీసం రెండు గంటల ఎడం పాటించాలి. మలబద్ధకానికి నీరు, ఆకుకూరలు, ఇసబ్గోలు మేలు చేస్తాయి. మలబద్ధకం వదిలితే మాత్ర కూడ సక్రమంగా ఒంటబడుతుంది.

దేశీయ మందులలో భస్మాల గురించి ప్రత్యేకంగా హెచ్చరించవలసి ఉన్నది. అమెరికాలోని బోస్టన్ పరిసరాలలో అమ్మే 70 ఆయుర్వేద ఉత్పత్తులను పరీక్షించి 2004లో ప్రకటించిన నివేదికలో 14 ఉత్పత్తులలో సీసం, పాదరసం, ఆర్సెనిక్ వంటివి కనిపించాయి. పాదరసం ఒంటికి పట్టితే కలిగే లక్షణాలలో వణుకు ఒకటి. శాస్త్రోక్తంగా చదువుకున్న ఆయుర్వేద వైద్యుని వద్దకు వెళ్లడం వేరు, చేటలో పొట్లాలు పరచి కూర్చున్నవాని వద్ద కొనడం వేరు. రక్తపోటుకో నిద్రకో ఇచ్చిన పొట్లంలో సర్పగంధ ఉన్నదేమో అని కూడ అడగాలి. కారణం పైన చెప్పిన కుందేళ్ల కథలోనే ఉన్నది.

మొక్కలనే అనడం న్యాయం కాదు. ఇంగ్లీషు మందులలోనూ వణుకు తెప్పించేవి ఉన్నాయి. వాంతులకు ఇచ్చే మెటోక్లోప్రమైడ్, కళ్లు తిరుగుతున్నాయంటే నెలల తరబడి మింగించే సిన్నరిజిన్, తలనొప్పికి ఇచ్చే ఫ్లునరిజిన్, మానసిక వ్యాధులకు ఇచ్చే కొన్ని మాత్రలు పెద్దవయసువారిలో పార్కిన్సన్ వంటి లక్షణాలనే కలిగించగలవు. అట్టి మందును వైద్యుని సలహాతో మానిపిస్తే చాలామందిలో కొన్ని నెలలలో వణుకు తగ్గుముఖం పడుతుంది. కొత్తగా చేయి వణికిన పెద్దవారికి కొత్త మందు వెదకడానికి ముందు పాత మందుల సంచి ఒకసారి విప్పి చూపించడం అవసరం. వ్యాధి ఉన్నవారు వాంతులని ఊరి వైద్యుని వద్దకు పోయినపుడు తమకు పార్కిన్సన్ ఉన్నదని ముందే చెప్పాలి.

మందు కాని మందు ఒకటున్నది, అది శరీర వ్యాయామం. దీనికి మద్దతుగా ఉన్న ఆధారం సీసాలలో అమ్మే ఏ పొడికీ లేదు. చైనా దేశపు తైచీ అనే నెమ్మది కదలికల వ్యాయామాన్ని అమెరికాలో 195 మంది రోగుల మీద పరీక్షించారు. వారానికి రెండుసార్లు చొప్పున 24 వారాలు సాధన చేసినవారిలో నిలకడ పెరిగి, పడిపోవడం తగ్గిందని 2012లో ప్రకటించారు. హాంగ్‌కాంగ్‌లో 138 మందితో జరిగిన యోగ పరీక్ష 2019లో వెలువడింది. కదలికల విషయంలో అది మామూలు వ్యాయామంతో సమానంగా ఉన్నది, దిగులూ ఆందోళనా తగ్గించడంలో ముందున్నది. తైచీ గురువు మన పల్లెలకు రాడు, నిజమే. కాని సూత్రం ఒక్కటే: ప్రతిదినం, నిలకడకు పరీక్ష పెట్టే కదలిక, పక్కన ఒక మనిషి తోడు.

నడుస్తూ నడుస్తూ గడప వద్ద కాళ్లు నేలకు అతుక్కుపోయినట్లు నిలిచిపోయే రోగులు చాలామంది. వారిని చేయిపట్టి లాగితే పడిపోతారు. గచ్చు మీద అడుగు దూరానికొకటిగా సుద్దతోనో సున్నంతోనో అడ్డగీతలు గీసి, ఆ గీతలను దాటమని చెబితే ఆగిన కాలు కదులుతుంది. చప్పట్లతోనో భజన తాళంతోనో లయ ఇచ్చినా కదులుతుంది. గీత, లయ అనే బయటి గుర్తులు మెదడుకు వేరొక దారి చూపుతాయని దీనికి వివరణ. స్వరం సన్నగిల్లినవారికి గట్టిగా పలికించే శిక్షణ విదేశాలలో నాలుగు వారాలు, మొత్తం 16 పాఠాలుగా ఇస్తారు. ఇంటిలో పోతన పద్యాలు వచ్చిన తాత ఉంటే, ప్రతి ఉదయం వీధి అరుగు మీద కూర్చుండి, ఎదురింటికి వినబడేటట్లు చదవమనడంలో తప్పేమీ లేదు.

ఇక ఆసుపత్రి సంగతి. సరిహద్దు కుటుంబాలకు ఇక్కడ మరొక ఇబ్బంది ఉన్నది. రోగి తెలుగులో చెబుతాడు, కొడుకో మనుమరాలో కన్నడంలోనో తమిళంలోనో వైద్యునికి వినిపిస్తారు. విశ్రాంతిగా ఉన్నపుడు చేయి ఊగేది వణుకు. మాత్ర వేసిన గంటకు ఒళ్లు మెలికలు తిరిగేది వేరు. మొదటిది తరచుగా మందు చాలకపోవడానికి గుర్తు, రెండవది మందు ఎక్కువైనదానికి గుర్తు. ఇంటివారు రెండింటినీ కన్నడంలో "నడుక" అనీ, తమిళంలో "నడుక్కం" అనీ ఒకే మాటగా చెప్పితే, తగ్గించవలసిన మోతాదు పెరిగే ప్రమాదమున్నది. ఆ కదలికను చేతిఫోనులో ఒక నిమిషం చిత్రించి చూపిస్తే ఏ భాషా అడ్డు రాదు. ఎన్ని గంటలకు మాత్ర వేశారు, ఎన్ని గంటలకు భోజనం పెట్టారు, ఎప్పుడు బిగుసుకున్నారు, ఎప్పుడు ఒళ్లు తిరిగింది, ఇవి మూడు రోజులపాటు ఒక కాగితం మీద అంకెలలో రాస్తే చాలు.

వాడుతున్న పొడి సీసాను ఆ కాగితంతో పాటు తప్పక తీసుకుపోవాలి. తిడతారన్న భయంతో దాచేవారే ఎక్కువ. దాచితే మోతాదు నిర్ణయం తప్పుతుంది. బెంగళూరులోని నిమ్హాన్స్‌లో నాడీవైద్యంతో పాటు ఆయుర్వేద, యోగాలను కలిపి చూసే సమీకృత వైద్య విభాగం ఉన్నది, అటువంటి చోట దూలగొండి పేరెత్తితే ఎవరూ ఆశ్చర్యపోరు. పొడి మీద నమ్మకం కలిగినా, మాత్రలతో విసుగు పుట్టినా, లివోడోపా మాత్రను ఉన్నపళంగా ఆపకూడదు. హఠాత్తుగా ఆపినపుడు కొందరికి తీవ్ర జ్వరం, కొయ్యబారడం, స్పృహ తప్పడం కలిగి ప్రాణం మీదికి వస్తుంది. మార్పు ఏదైనా వైద్యుడు రోజుల లెక్కన కొద్దికొద్దిగా చేయవలసినదే. తీర్థయాత్రకో పెండ్లికో ఊరు విడిచి వెళ్లేటప్పుడు సంచిలో మొదట పెట్టవలసినది ఆ మాత్రల అట్ట. సరిహద్దు దాటిన తరువాత మందుల దుకాణంలో అదే పేరు దొరకకపోవచ్చు కనుక, లివోడోపా ఎంత, కార్బిడోపా ఎంత అన్న రెండు అంకెలను విడిగా రాసి ఉంచుకోవాలి.